గుండె శస్త్రచికిత్స పొందిన ఆడపిల్లల మాతృత్వం : ముందస్తు పరీక్షలతోనే భద్రత

ప్రత్యేక వ్యాసం

పుట్టుకతోనే గుండెలో లోపం ఉండి, బాల్యంలో శస్త్రచికిత్స పొంది, ఆరోగ్యంగా పెరిగిన ఆడపిల్లలు వేల సంఖ్యలో నేడు మాతృత్వ దశకు చేరుకున్నారు. వీరిలో అత్యధికులు మిగిలిన స్త్రీల వలెనే సురక్షితంగా బిడ్డను కనగలరు. కొందరికి గర్భం దాల్చిన నాటి నుంచి ప్రత్యేక పర్యవేక్షణ అవసరం. బహు కొద్దిమంది విషయంలో మాత్రం గర్భధారణ ప్రాణాపాయానికి దారితీస్తుంది. ఒక స్త్రీ ఈ మూడు వర్గాలలో దేనికి చెందుతుందన్నది ఆమె పైకి ఎంత ఆరోగ్యంగా కనిపిస్తున్నదన్న దానిని బట్టి తెలియదు. ఏ లోపానికి, ఏ శస్త్రచికిత్స జరిగింది, ఇప్పుడు గుండె ఏ స్థితిలో ఉన్నది అనే మూడు ప్రశ్నలకు సమాధానం లభించినప్పుడే తెలుస్తుంది. ఈ సమాధానాలను గర్భధారణకు ముందే రాబట్టడం కుటుంబం, వైద్యులు, క్షేత్రస్థాయి సిబ్బంది ఉమ్మడి బాధ్యత.

ఒక తరం ఎదిగి వచ్చింది

ప్రతి వెయ్యి మంది సజీవ శిశువులలో సుమారు 8 నుంచి 9 మంది ఏదో ఒక గుండె లోపంతో జన్మిస్తారని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఒకప్పుడు వీరిలో తీవ్రమైన లోపం ఉన్నవారు యుక్తవయస్సుకు చేరేవారు కాదు. 1944 నవంబర్ 29న అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెలెన్ టాసిగ్ సూచనపై, వివియన్ థామస్ ప్రయోగశాలలో రూపొందించిన పద్ధతిలో, ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ ఒక 'నీలి శిశువు'కు శస్త్రచికిత్స చేశారు. 1953లో జాన్ గిబ్బన్ హార్ట్-లంగ్ యంత్రం సహాయంతో గుండె గదుల మధ్య గల రంధ్రాన్ని విజయవంతంగా మూసివేశారు. ఆ తరువాతి దశాబ్దాలలో ఈ చికిత్స ప్రపంచమంతటా విస్తరించింది.

తెలుగు ప్రాంతంలో ఈ చికిత్స పేద కుటుంబాలకు అందుబాటులోకి రావడంలో కొన్ని మైలురాళ్లు ఉన్నాయి. పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ 1991లో ప్రారంభమై ఉచితంగా గుండె శస్త్రచికిత్సలు అందిస్తున్నది. చిన్నారుల గుండె శస్త్రచికిత్సలకు ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి సాయం అందించిన దశ దాటి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్ నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ పథకం ఆరంభమై, దశలవారీగా రాష్ట్రమంతటికీ విస్తరించింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్ వాడీలలో, పాఠశాలలలో 18 సంవత్సరాలలోపు పిల్లలను పరీక్షించి, గుండె లోపాలను ముందుగా గుర్తించే ఏర్పాటు చేసింది. 2021లో తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానముల ఆధ్వర్యంలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభమైంది.

2007లో 5 సంవత్సరాల వయస్సులో శస్త్రచికిత్స పొందిన పాపకు 2025 నాటికి 23 సంవత్సరాలు. అనగా, నాడు ప్రభుత్వ వ్యయంతో ప్రాణం దక్కించుకున్న చిన్నారులే నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులుగా పేరు నమోదు చేయించుకుంటున్నారు. బాల్యంలో అందిన చికిత్స ఫలితం నిలవాలంటే ఈ రెండవ దశలోనూ వారికి అండ అవసరం.

ప్రసూతి మరణాలు తగ్గుతున్న వేళ

నమూనా నమోదు వ్యవస్థ నివేదిక ప్రకారం 2018-20 మధ్యకాలంలో లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు దేశంలో 97 కాగా, ఆంధ్రప్రదేశ్ లో 45, తెలంగాణలో 43గా నమోదయ్యాయి. అధిక రక్తస్రావం, రక్తపోటు, ఇన్ఫెక్షన్ వంటి ప్రత్యక్ష కారణాల వలన సంభవించే మరణాలు తగ్గే కొలదీ, గర్భానికి ముందే ఉన్న వ్యాధుల వలన సంభవించే మరణాల వాటా ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. ప్రసూతి మరణాలు చాలా తక్కువగా ఉన్న బ్రిటన్ లో ఇటీవలి దశాబ్దాలలో గుండె జబ్బులు తల్లుల మరణాలకు ప్రధాన కారణాలలో ఒకటిగా నిలవడం ఇందుకు నిదర్శనం. మన దేశంలో గర్భిణులలో గుండె జబ్బు అనగానే కీళ్లవాతం వలన వచ్చే కవాటాల వ్యాధే గుర్తుకు వస్తుంది. దానితో పాటు శస్త్రచికిత్స పొందిన పుట్టుక లోపాల సంఖ్య కూడా ఇకపై పెరుగుతుందని గమనించవలసి ఉన్నది.

గర్భధారణలో గుండెపై పడే భారం

గర్భిణి శరీరంలో రక్త పరిమాణం 40 నుంచి 50 శాతం వరకు పెరుగుతుంది. గుండె నిమిషానికి పంపు చేసే రక్తం 30 నుంచి 50 శాతం హెచ్చుతుంది. నాడి వేగం నిమిషానికి 10 నుంచి 20 వరకు అధికమవుతుంది. ఈ మార్పులు మొదటి నెలలలోనే ఆరంభమై, 28 నుంచి 32 వారాల ప్రాంతంలో గరిష్ఠ స్థాయికి చేరుకుంటాయి. నొప్పుల సమయంలో ప్రతి సంకోచంతోనూ గుండెపై భారం మరింత పెరుగుతుంది. కాన్పు జరిగిన వెంటనే గర్భాశయం ముడుచుకొని, అందులోని రక్తం ఒక్కసారిగా ప్రధాన ప్రసరణలోకి చేరుతుంది. దానికి తోడు రక్తం గడ్డకట్టే స్వభావం గర్భకాలంలోనూ, బాలింత దశలోనూ హెచ్చుగా ఉంటుంది.

ఈ కారణంగా మూడు ఘట్టాలలో ప్రమాదం అధికం. మొదటిది ఏడవ, ఎనిమిదవ నెలలు. రెండవది నొప్పులు, కాన్పు సమయం. మూడవది కాన్పు తరువాతి 24 నుంచి 72 గంటలు. కాన్పు సాఫీగా జరిగినదని ఊపిరి పీల్చుకొని మరునాడే ఇంటికి పంపడం వీరి విషయంలో తగదు.

శస్త్రచికిత్స అనగా పూర్తి నివారణ కాదు

'చిన్నప్పుడే ఆపరేషన్ అయిపోయింది, ఇప్పుడేమీ లేదు' అనే మాట కుటుంబాలలో తరచుగా వినవస్తుంది. కొన్ని లోపాల విషయంలో ఇది దాదాపుగా నిజం. కర్ణికల మధ్య రంధ్రం, జఠరికల మధ్య రంధ్రం, పుట్టిన తరువాత మూసుకుపోవలసిన ధమనీ నాళం తెరచి ఉండడం వంటి లోపాలను సకాలంలో సరిచేసి, ఊపిరితిత్తులలో రక్తపోటు సాధారణంగా ఉన్నట్లయితే గర్భధారణలో ముప్పు స్వల్పం.

ఫాలో చతుష్టయం అనే నీలి శిశువుల వ్యాధికి శస్త్రచికిత్స పొందినవారిలో ఏళ్లు గడిచేకొద్దీ ఊపిరితిత్తుల కవాటం నుంచి రక్తం వెనుకకు కారి, కుడి జఠరిక వ్యాకోచించే అవకాశం ఉన్నది. గుండె లయ తప్పడం కూడా జరుగుతుంది. అవసరమైనవారికి గర్భధారణకు ముందే కవాటం అమర్చవలసి ఉంటుంది. బృహద్ధమని ఇరుకును సరిచేసినవారిలో ఆ భాగం మరల కుంచించుకొనిపోవచ్చు, లేదా ఉబ్బవచ్చు. అధిక రక్తపోటు కొనసాగవచ్చు. మహాధమనుల స్థానమార్పిడికి పాత పద్ధతిలో కర్ణికల స్థాయిలో మాత్రమే రక్త మార్గం మార్చినవారిలో కుడి జఠరికే జీవితాంతం శరీరమంతటికీ రక్తాన్ని పంపు చేయవలసి ఉంటుంది. గర్భం దానిపై అదనపు శ్రమ.

ఒకే జఠరిక గల పిల్లలకు చేసే ఫాంటాన్ శస్త్రచికిత్స పొందినవారిలో గర్భస్రావాలు, నెలలు నిండని కాన్పులు, రక్తం గడ్డకట్టడం, గుండె లయ దోషాలు అధికం. లోహపు కృత్రిమ కవాటం అమర్చినవారికి రక్తం గడ్డకట్టకుండా వాడే మందులే ప్రధాన సమస్య. లోపం ఆలస్యంగా బయటపడి, అప్పటికే ఊపిరితిత్తుల ధమనులలో పీడనం శాశ్వతంగా పెరిగిన వారిది అన్నింటికన్న క్లిష్టమైన స్థితి. రంధ్రం మూసినంత మాత్రాన ఈ పీడనం అందరిలోనూ తగ్గదు. రక్త ప్రవాహం తిరగబడి శరీరం నీలిరంగుకు మారే ఐసెన్మెంగర్ స్థితిలో గర్భిణుల మరణాల రేటు 20 నుంచి 50 శాతం వరకు ఉన్నట్లు వైద్య నివేదికలు పేర్కొంటున్నాయి.

ముప్పును అంచనా వేసే తరగతులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణను సవరించి, ఐరోపా హృద్రోగ సంఘం 2018లో ప్రకటించిన మార్గదర్శకాలు గుండె జబ్బు గల స్త్రీలను ముప్పు ఆధారంగా తరగతులుగా విభజించాయి. గుండెకు సంబంధించిన చిక్కులు మొదటి తరగతిలో 2.5 నుంచి 5 శాతం మందికి, రెండవ తరగతిలో 5.7 నుంచి 10.5 శాతం మందికి, రెండు మూడు తరగతుల నడిమి వర్గంలో 10 నుంచి 19 శాతం మందికి, మూడవ తరగతిలో 19 నుంచి 27 శాతం మందికి ఎదురవుతాయి. నాలుగవ తరగతిలో ఇది 40 నుంచి 100 శాతం.

విజయవంతంగా మూసిన సాధారణ రంధ్రాలు మొదటి తరగతిలోనివి. సరిచేసిన ఫాలో చతుష్టయం రెండవ తరగతిలోనిది. లోహపు కవాటం, చిక్కులు లేని ఫాంటాన్ ప్రసరణ మూడవ తరగతిలోనివి. ఊపిరితిత్తుల ధమనుల అధిక పీడనం, ఎడమ జఠరిక తీవ్ర బలహీనత, లక్షణాలు గల తీవ్ర బృహద్ధమని కవాట సంకోచం నాలుగవ తరగతికి చెందుతాయి. నాలుగవ తరగతి స్త్రీలకు గర్భధారణ వలదని వైద్యులు సలహా ఇస్తారు. మొదటి రెండు తరగతులవారు సమీపంలోని ఆసుపత్రిలో కాన్పు కావచ్చు. మూడవ తరగతి నుంచి హృద్రోగ, ప్రసూతి, మత్తు, నవజాత శిశు వైద్య నిపుణులు ఒకేచోట గల ఆసుపత్రి తప్పనిసరి.

2007 నుంచి 2018 వరకు 53 దేశాలలో గుండె జబ్బు గల స్త్రీల 5,739 గర్భాలను పరిశీలించిన అంతర్జాతీయ నమోదులో తల్లుల మరణాలు 0.6 శాతం, గుండె వైఫల్యం 11 శాతంగా తేలాయి. సరైన వర్గీకరణ, పర్యవేక్షణ ఉన్నట్లయితే అత్యధికులు క్షేమంగా బయటపడగలరని, అయితే పర్యవేక్షణ లేకుండా వదలివేయదగిన వ్యాధి కాదని ఈ అంకెలు తెలియజేస్తున్నాయి.

వివాహానికి ముందు, గర్భధారణకు ముందు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం 20-24 సంవత్సరాల స్త్రీలలో 18 ఏళ్లు నిండకమునుపే వివాహమైనవారు ఆంధ్రప్రదేశ్ లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. చిన్న వయస్సులో వివాహమై, వెంటనే గర్భం దాల్చే బాలికకు గుండె పరీక్షకు వ్యవధి ఎక్కడిది? పైగా, సంబంధం తప్పిపోతుందనే భయంతో శస్త్రచికిత్స విషయం అత్తవారింట చెప్పకుండా దాచడం, ఛాతీ మీది మచ్చకు వేరే కారణం చెప్పడం పలు కుటుంబాలలో జరిగే సంగతే. దాచిన సమాచారం కాన్పు గదిలో వైద్యునికి కూడా అందకుండా పోతుంది. తల్లిదండ్రులపై నింద మోపడం వలన ఈ దాపరికం తగ్గదు. 'ఆపరేషన్ అయిన పిల్ల కూడా తల్లి కాగలదు, పరీక్ష చేయించి ముందుకు వెళ్లాలి' అనే భరోసా సమాజంలో కలిగినప్పుడే తగ్గుతుంది.

గర్భధారణకు ముందు హృద్రోగ నిపుణుని వద్ద ఇ.సి.జి., ఎకో పరీక్ష, రక్తంలో ఆక్సిజన్ శాతం, అవసరాన్ని బట్టి వ్యాయామ పరీక్ష, ఎం.ఆర్.ఐ. చేయించుకోవాలి. వాడుతున్న మందులన్నింటినీ సమీక్షించాలి. దంతాలు, చిగుళ్ల జబ్బులు గుండె లోపలి పొర ఇన్ఫెక్షన్ కు దారితీయగలవు కనుక వాటికి ముందే చికిత్స పొందాలి. ఫోలిక్ ఆమ్లం మాత్రలు ప్రారంభించాలి. రక్తహీనత గుండెపై భారాన్ని పెంచుతుంది. దేశంలో గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు పై సర్వే తెలిపినందున హిమోగ్లోబిన్ పరీక్షను తేలికగా తీసుకొనరాదు.

మందుల విషయంలో మెలకువ

మందులను సొంతంగా మానివేయడం, సొంతంగా కొనసాగించడం రెండూ ప్రమాదకరమే. గుండె బలహీనతకు, రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి గర్భస్థ శిశువు మూత్రపిండాలకు హాని చేస్తాయి. వీటికి బదులు వేరే మందులు ఇవ్వాలి. లోహపు కవాటం గలవారు వాడే వార్ఫరిన్ గర్భం 6 నుంచి 12 వారాల మధ్య శిశువులో అంగలోపాలు కలిగించవచ్చు. అయితే, భయపడి ఆ మందును ఆపివేసినట్లయితే కవాటంపై రక్తం గడ్డకట్టి తల్లి ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది. మోతాదును బట్టి, గర్భం నెలలను బట్టి వార్ఫరిన్, హెపారిన్ లలో దేనిని ఎప్పుడు ఇవ్వాలో నిపుణులు నిర్ణయిస్తారు. సాధారణంగా 36వ వారం నుంచి వార్ఫరిన్ స్థానంలో హెపారిన్ ఇస్తారు. వార్ఫరిన్ ప్రభావంలో ఉండగా నొప్పులు మొదలైనట్లయితే శిశువు మెదడులో రక్తస్రావం కాకుండా సిజేరియన్ చేయవలసి వస్తుంది.

పుట్టింటికి పయనం - వెంట వెళ్లవలసిన కాగితం

తొలి కాన్పుకు ఏడవ నెలలోనో, తొమ్మిదవ నెలలోనో ఆడపిల్లను పుట్టింటికి తీసుకువెళ్లడం మన ఆచారం. గుండెపై భారం గరిష్ఠంగా ఉండే ఆ సమయంలోనే గర్భిణి ఒక ఆరోగ్య ఉపకేంద్రం పరిధి నుంచి మరొక దాని పరిధికి మారుతుంది. అత్తవారి ఊరిలో ఎ.ఎన్.ఎం.కు తెలిసిన విషయం పుట్టింటి ఊరిలో ఎ.ఎన్.ఎం.కు తెలియకపోవచ్చు. ఆచారాన్ని మాన్పించవలసిన పనిలేదు. సమాచారం గర్భిణితో పాటు ప్రయాణించేటట్లు చూడవలసి ఉన్నది.

ఇందుకు మాతా శిశు సంరక్షణ కార్డు మంచి సాధనం. కార్డు మొదటి పుటలోనే ఎర్ర సిరాతో జరిగిన శస్త్రచికిత్స పేరు, సంవత్సరం, ఆసుపత్రి, వాడుతున్న మందులు, ముప్పు తరగతి, కాన్పుకు నిర్ణయించిన ఆసుపత్రి వ్రాయాలి. డిశ్చార్జి పత్రం నకలును కార్డుకు జతపరచాలి. పత్రం పోయినట్లయితే శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రి రికార్డుల విభాగాన్ని సంప్రదించాలి. అక్కడా దొరకనప్పుడు తాజా ఎకో పరీక్షయే ఆధారం. గర్భిణి ఊరు మారే ముందు రెండు ప్రాంతాల ఆశా కార్యకర్తలు ఫోనులో మాట్లాడుకొనడం ఖర్చులేని, ఫలితమిచ్చే ఏర్పాటు.

కాన్పు, బాలింత దశ

గుండె శస్త్రచికిత్స అయిన ప్రతి స్త్రీకి సిజేరియన్ అవసరమన్నది అపోహ. అత్యధికులకు నొప్పి నివారణ మత్తుతో, ముక్కవలసిన శ్రమను తగ్గిస్తూ, సహజ కాన్పు జరపడమే మేలు. రక్తనష్టం, ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టడం అందులో తక్కువ. బృహద్ధమని ప్రమాదకరంగా వ్యాకోచించినవారికి, తీవ్ర గుండె వైఫల్యం గలవారికి, ప్రసూతి కారణాలున్న వారికి సిజేరియన్ ఎంచుకుంటారు.

కాన్పు గదిలోని సిబ్బంది గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వెల్లకిలా పడుకోబెట్టక ఎడమ ప్రక్కకు ఒత్తిగిలి ఉంచాలి. సెలైన్ అతిగా ఎక్కించరాదు. రంధ్రం మిగిలి ఉన్నవారికి సూదిమందు గొట్టంలో గాలి బుడగ కూడా ప్రమాదకరమే. రక్తస్రావం ఆపుటకు ఇచ్చే మిథైల్ ఎర్గోమెట్రిన్ ఇంజెక్షన్ వీరికి తగదు. ఆక్సిటోసిన్ ను ఒక్కసారిగా కాక నెమ్మదిగా ఎక్కించాలి.

కాన్పు తరువాత తొలి మూడు దినాలు నాడి, రక్తపోటు, ఆక్సిజన్ శాతం క్రమం తప్పక చూడాలి. బాలింతకు మంచినీరు తగ్గించే పథ్యం రక్తం చిక్కబడుటకు దోహదం చేస్తుంది కనుక ఆహార, పానీయాల విషయంలో వైద్యుని సలహానే పాటించాలి. గుండె వైఫల్యం కాన్పు తరువాతి వారాలలోనూ తలెత్తవచ్చు.

బిడ్డకు వస్తుందా?

ఈ ప్రశ్న ప్రతి తల్లినీ వేధిస్తుంది. సాధారణ జనాభాలో గుండె లోపం సుమారు ఒక శాతం శిశువులకు ఉండగా, తల్లికి లోపం ఉన్నప్పుడు ఎక్కువ సందర్భాలలో ఇది 3 నుంచి 5 శాతం. అనగా 100 మందిలో 95 మందికి పైగా శిశువులు ఆరోగ్యవంతమైన గుండెతోనే పుడతారు. మార్ఫాన్ వ్యాధి, 22వ క్రోమోజోములో చిన్న భాగం లోపించడం వంటి జన్యు కారణాలున్నప్పుడు మాత్రం సంక్రమించే అవకాశం 50 శాతం. 18 నుంచి 22 వారాల మధ్య గర్భస్థ శిశువుకు ఎకో పరీక్ష చేయించాలి. తల్లి రక్తంలో ఆక్సిజన్ 85 శాతానికి తగ్గినప్పుడు బిడ్డ సజీవంగా పుట్టే అవకాశం దాదాపు 12 శాతమేనని అధ్యయనాలు తెలిపాయి.

గర్భం వలదన్నప్పుడు

అధిక ముప్పు గల స్త్రీకి 'గర్భం దాల్చవద్దు' అని చెప్పి పంపడం సలహా అనిపించుకోదు. ఎట్లా నివారించాలో కూడా చెప్పాలి. ఈస్ట్రోజెన్ గల గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతాయి కనుక లోహపు కవాటం, ఫాంటాన్ ప్రసరణ, ఊపిరితిత్తుల అధిక పీడనం గలవారికి అవి తగవు. ప్రత్యామ్నాయ పద్ధతిని వైద్యుడు సూచించాలి. ఇటువంటి దంపతులలో భర్త వేసెక్టమీ చేయించుకొనడం భార్యను శస్త్రచికిత్స ముప్పు నుంచి తప్పిస్తుంది. అప్పటికే గర్భం దాల్చినట్లయితే తొలి వారాలలోనే నిపుణుని సంప్రదించాలి. 1971 నాటి వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం తల్లి ప్రాణానికి ముప్పున్న సందర్భంలో గర్భవిచ్ఛిత్తికి అవకాశం కల్పిస్తున్నది. నిర్ణయం ఆమెదే. ఆలస్యమైన కొలదీ గర్భవిచ్ఛిత్తి కూడా ప్రమాదకరమవుతుందని ఆమెకు తెలియజేయడం వైద్యుని ధర్మం.

క్షేత్ర సిబ్బందికి సూచనలు

తొలి నమోదు సమయంలో ప్రతి గర్భిణినీ 'చిన్నప్పుడు గుండెకు చికిత్స జరిగినదా, ఛాతీ మీద గాని, ప్రక్కన గాని కుట్ల మచ్చ ఉన్నదా' అని ఏకాంతంగా, అత్తమామల ఎదుట కాకుండా అడగాలి. తొడ నాళం ద్వారా పరికరం అమర్చి రంధ్రం మూసినవారికి మచ్చ ఉండదు కనుక ప్రశ్న తప్పనిసరి. 2016 నుంచి ప్రతి నెల 9వ తేదీన నిర్వహిస్తున్న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ శిబిరాలను వీరిని వైద్యాధికారికి చూపించుటకు వినియోగించుకోవాలి.

పడుకున్నప్పుడు ఆయాసం, రాత్రి ఊపిరాడక లేచి కూర్చోవడం, గుండె దడ, స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి, పెదవులు నీలిబారడం, దగ్గుతో నురుగు లేదా రక్తం పడడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం ప్రమాద సూచికలు. నిండు నెలలలో ఆయాసం సహజమేనని వీటిని కొట్టివేయరాదు. 108 వాహనం పిలిచినప్పుడే గుండె శస్త్రచికిత్స విషయం చెప్పినట్లయితే తగిన ఆసుపత్రికి నేరుగా తరలించవచ్చు.

పాత్రికేయ మిత్రులకు

ఈ అంశంపై వార్తలు వ్రాసేటప్పుడు 'గుండె జబ్బు ఉన్నా తల్లి అయింది' వంటి అద్భుత కథనాలు, 'గుండె ఆపరేషన్ అయితే పిల్లలు వద్దు' వంటి భయపెట్టే కథనాలు రెండూ పాఠకులను తప్పుదారి పట్టిస్తాయి. ఏ లోపం, ఏ శస్త్రచికిత్స, ఏ తరగతి అనే వివరం లేకుండా ఒకరి అనుభవం మరొకరికి వర్తించదు. బాధితురాలి పేరు, ఊరు, ఛాయాచిత్రం ప్రచురించడం వలన ఆమె వైవాహిక జీవితానికి, చెల్లెళ్ల వివాహ సంబంధాలకు సైతం ఇబ్బంది కలుగగలదని గ్రహించాలి.

శస్త్రచికిత్స నాడు ఆపరేషన్ థియేటర్ వెలుపల తల్లిదండ్రులు కోరుకున్నది తమ బిడ్డ నిండు జీవితం. ఆ జీవితంలో మాతృత్వం ఒక భాగం కావాలని ఆమె కోరుకున్నప్పుడు, ముందుగా ఒక ఎకో పరీక్ష, చేతిలో ఒక డిశ్చార్జి పత్రం, తగిన ఆసుపత్రిలో ఒక పడక సిద్ధంగా ఉంచడం అందరి కర్తవ్యం.